అద్దని అక్షరాలు

పన్నెండు కొట్టగానే కోటేశ్వరి చేతిలోని చెక్క బ్లాకుని రంగు పళ్ళెం పక్కన పెట్టి, తడిగుడ్డతో అరచేతులు తుడుచుకుంది. ఎంత తుడిచినా పోయే రంగు కాదది. నలుపూ ఎరుపూ కలిసి ఎప్పుడో గోళ్ళ సందుల్లో స్థిరపడిపోయాయి. పొద్దున్నుంచీ నిలబడే ఉంది. బల్ల మీద పరిచిన దుప్పటి అంచు పొడవునా ఒకే తీగ, ఒకే పువ్వు. బ్లాకుని రంగులో ముంచడం, గుడ్డ మీద ఆనించడం, దాని వీపున పిడికిలితో ఒక్కటివ్వడం, తియ్యడం. సాయంత్రమయ్యేసరికి కుడి భుజం ఎవరిదో తెచ్చి తగిలించుకున్నట్టు వేళ్ళాడుతుంది.

మిగతా ఆడవాళ్ళు అద్దకం షెడ్డు నీడన చేరి క్యారేజీలు విప్పుకుంటున్నారు.

"రెండు ముద్దలు తిని పోవే," అంది పక్క బల్ల ఆవిడ. "రేడియో ఎక్కడికన్నా పారిపోతుందా?"

"అది పారిపోయేదే అక్కా. పన్నెండుంపావుకి మొదలు, మనం చెప్పులిప్పేలోపు అయిపోద్ది. మన కోసం ఆగదు."

షెడ్డు వెనకగదిలో పోతయ్య అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అద్దకం బ్లాకులు కడిగి, నూనె రాసి, అరల్లో సర్దిపెట్టే పని ఆ ముసలాయనది.

"ఇవాళ ఏ అక్షరం అమ్మాయ్?"

"'మ' అంట బాబాయ్. నిన్న పాఠం ఆఖర్లో రేడియో టీచరమ్మ చెప్పింది."

పోతయ్య మేకుకి వేలాడుతున్న తాడు దింపి, దానికి గుచ్చిన బ్లాకులు ఒక్కొక్కటే పక్కకి తోశాడు. కొన్నేళ్ళ కిందట ఎవరో చిన్నపిల్లల దుప్పట్ల మీద తెలుగక్షరాలు కావాలంటే షావుకారు టేకుచెక్క మీద వరసంతా చెక్కించాడు. రెండు దుప్పట్లు అద్దేసరికి ఆ బేరం పోయింది. అప్పట్నుంచీ అవి పోతయ్య తాడు మీదే ఉన్నాయి. అతనికి చదువు రాదు. అయితే గన్నేరుతీగ, బాదమాకు, నెమలిమెడ, మామిడిపిందె బ్లాకుల్లో ఏది ఏ అరలో ఉందో ఎలా తెలుసో, ఇది 'క', ఇది 'చ' అని కూడా అలాగే తెలుసు. చెక్కినాయన చెప్తూ చేతికిచ్చాడు, ఇతను గుర్తుపెట్టుకున్నాడు.

"ఇదిగో నీ 'మ'. రేపు తెచ్చెయ్. షావుకారు అడగడులే, ఎలకలు కొట్టేసే సామాను ఆయనకెందుకు!"

కోటేశ్వరి బ్లాకుని కొంగున ముడేసుకుని ఎండలో నడిచింది. పెడనలో వాళ్ళ వాడ షెడ్డుకి దగ్గరే. కాని మధ్యాహ్నప్పూట పిక్కలు పట్టేసిన కాళ్ళతో నడిస్తే ఏ దారైనా సాగుతుంది.

ఇంట్లో దుర్గ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆరేళ్ళ పిల్ల. పూర్తి పేరు వీరదుర్గ. బడిలో చేరిన మూడు వారాలకే కుడి తుంటి నొప్పని కుంటడం మొదలుపెట్టింది. కాలవ రేవులో జారి ఉంటుందిలెమ్మని నూనె మర్దనా చేశారు. జ్వరం వచ్చాక బందరు తీసుకెళ్తే, తుంటి కీలులో చీము పట్టిందని చీము తీసి, నడుం దగ్గర్నుంచి చీలమండ దాకా పిండికట్టు వేశారు. ఫిబ్రవరి దాకా ఆ కట్టు తియ్యకూడదన్నారు. అది తొంభై ఏడు ఆగస్టు. ఇప్పుడు నవంబరు. పిల్లకి ఇంటి వాసాలన్నీ కంఠతా వచ్చేశాయి.

"అమ్మా, నువ్వు లేటు. పాట అయిపోయింది," అంది దుర్గ.

"అయిపోతే అయిపోయిందిలే. పాట ఏమన్నా పరీక్షలో అడుగుతారా!" అంటూ మంచం పట్టె మీద కూలబడింది కోటేశ్వరి.

గడప దగ్గర బియ్యం ఏరుతున్న అత్తగారు మాణిక్యమ్మ తల ఎత్తలేదు. "వచ్చావా తల్లీ. మీ టీచరమ్మ ఇందాకట్నుంచీ ఒకటే పలకరింపులు. ఎవరూ పలక్కపోతే ఏం, ఆవిడకి ఆవిడే మాట్టాడుకుంటోంది."

రేడియోలోని గొంతు మెత్తగా, హుషారుగా ఉంటుంది. ఆ గొంతు ఉన్నావిడ ఎప్పుడూ కడుపు నిండా తిని, నిద్ర చాలిన మనిషై ఉంటుందని కోటేశ్వరి అనుకునేది.

"పిల్లలూ, పలకలు తీశారా? ఇవాళ మనం 'మ' రాద్దాం. మీ పుస్తకంలో చూడండి..."

పుస్తకం లేదు. ఆ ఏడు ఆ బడికి పుస్తకాలే సరిగా రాలేదు. ఆ మాట దుర్గ బడిలోని జ్యోతిర్మయి టీచరే చెప్పింది. ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులకీ ఆవిడొక్కతే. దసరా సెలవులు అయ్యాక ఒకరోజు బందరు బస్సు అందుకునే తొందరలో ఉండి కూడా గుమ్మంలోకి వచ్చి పిల్లని చూసింది.

"రేడియోలో ఒకటో తరగతి పాఠాలు వేస్తున్నారమ్మా. రోజూ వినిపించు. వినిపించి వదిలెయ్యకు, పక్కన కూర్చో. ఒంటరిగా వింటే పిల్లలకి నిద్దరొస్తుంది. ఫిబ్రవరి ఆఖర్లో నేనొచ్చి చూస్తాను. అక్షరాలు పట్టుబడితే వచ్చే ఏడు రెండో తరగతిలో కూర్చోబెడతా. లేదంటే మళ్ళీ ఒకటే."

ఆవిడ వెళ్ళాక కోటేశ్వరి మొగుడు పిచ్చేశ్వరరావు మోకాళ్ళ దాకా తడిసిన లుంగీ పిండుకుంటూ తన మాట చెప్పాడు. అద్దిన గుడ్డల్ని కాలవలో జాడించే పని అతనిది. రోజంతా నడుం లోతు నీళ్ళలో నిలబడతాడు.

"రెండంటే సరే. మళ్ళీ ఒకటైతే మాత్రం నా వల్ల కాదే. ఈ కాలుతో దాన్ని రోజూ ఎవరు మోసుకెళ్తారు, ఎవరు తెస్తారు? నీతో పాటు షెడ్డుకి తీసుకుపో. పువ్వుల్లో చుక్కలు పెట్టే పనుందిగా. కూచుని చేసుకునేదే."

కోపంగా అనలేదు. అందుకే కోటేశ్వరికి ఎదురు చెప్పడం చేతకాలేదు. తనూ తొమ్మిదేళ్ళప్పుడు ఆ చుక్కల దగ్గరే మొదలుపెట్టింది. కూచుని చేసుకునేదే అని వాళ్ళ నాన్న కూడా అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు నిలబడిందో, ఎన్నేళ్ళుగా నిలబడి ఉందో తలుచుకుంటే ఆమెకి పిక్కల్లో నొప్పి ఇంకా ఎక్కువయ్యేది. దుర్గ ఆ షెడ్డులోకి రాకూడదు. ఫిబ్రవరి ఆఖరుకి అక్షరాలు రావాలి. అంతకు మించి ఆమె ఏమీ ఆలోచించలేదు.

అయితే అక్షరాలు ఆమెకే రావు. మొగుడికి సంతకం వచ్చు, అత్తగారికి అదీ రాదు. వాడలో చదువుకున్నవాళ్ళు పొద్దున్నే బస్సెక్కి బందరుకో గుడివాడకో పోతారు. మొదటి రోజుల్లో రేడియో టీచరమ్మ "గుండ్రంగా సున్నా చుట్టండి, పైన చిన్న కొమ్ము పెట్టండి" అంటుంటే తల్లీ కూతురూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. దుర్గ ఏడ్చేది. అప్పుడు గుర్తొచ్చింది పోతయ్య తాడు.

"చూడు, ఇదీ 'మ'," అని కోటేశ్వరి బ్లాకుని పిల్ల మొహం ముందు పట్టుకుంది. దుర్గ చూపుడువేలు చెక్క మీద ఉబ్బెత్తుగా ఉన్న గీత వెంబడి నడిచింది. అలా తడిమి నేర్చుకోవడం ఆ పిల్లకి ఇష్టం. రాత్రి నిద్రలో కూడా వేలు కదిపేది.

"'మ'కి కుడిచేతి వైపు ఒక తోక పైకి లేస్తుంది పిల్లలూ," అంది రేడియో.

దుర్గ వేలు ఆగింది. "అమ్మా, కుడి అంటోంది. కుడంటే అన్నం తినే చెయ్యి గదా. ఇక్కడ తోక ఇటుంది."

కోటేశ్వరి బ్లాకు వంక చూసింది. తోక ఎడమ వైపే ఉంది. కాసేపు ఆలోచించింది.

"ఆవిడ మనకి ఎదురుగా కూచుని చెప్తోంది కదే. నాకెదురుగా నువ్వు పడుకుంటే నీ కుడి నాకు ఎడమ అవ్వట్లా? ఆవిడ కుడి మనకి ఎడమ. నువ్వు చెక్క మీద ఎలా ఉంటే అలా రాయి."

దుర్గకి అది బాగానే తోచింది. పలక గుండెల మీద నిలబెట్టుకుని, మెడ సాచి, సుద్దముక్కతో రాసింది. చెక్క మీద ఎలా ఉందో అచ్చం అలా. ఒక్క వంకర లేదు.

"రాశారా?" అంది రేడియో. కొంచెం ఆగింది. "భేష్! ఎంత చక్కగా రాశారో!"

దుర్గ మొహం వెలిగిపోయింది. "భేషంది!"

"చూడకుండానే భేషంటోంది," అంది మాణిక్యమ్మ. "నేను బియ్యంలో రాళ్ళు వదిలేసినా భేషంటుందేమో అడుగు."

"నువ్వూరుకో నాన్నమ్మా. ఆవిడకి తెలుస్తది."

కోటేశ్వరి లేచి, నిలబడే రెండు ముద్దలు మింగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎండలోకి నడిచింది.

చలికాలమంతా అలాగే గడిచింది. ఒకో రోజు కరెంటు ఉండేది కాదు, ఒకో రోజు బ్యాటరీలు అయిపోయేవి, ఒకో రోజు గొంతు బదులు గరగర మాత్రమే వచ్చేది. అలాంటప్పుడు ముందటి రోజు బ్లాకునే మళ్ళీ ఇచ్చి రాయించేది. నిద్ర ముంచుకొస్తుంటే పట్టె మీద కూర్చునే కునికేది. "అమ్మా, నువ్వు నిద్దరోతున్నావ్" అని దుర్గ పలకతో మోకాలి మీద పొడిచేది. "లేదమ్మా, వింటున్నా" అనేది కళ్ళు మూసుకునే. వింటూ వింటూ తనకీ వచ్చాయి. షెడ్డులో మంచినీళ్ళ కుండ దగ్గర కూర్చున్నప్పుడు తడివేలితో నేల మీద 'క' గీసి, ఎవరైనా చూస్తారేమోనని చెరిపేసేది.

జనవరి చివరికి దుర్గ తాడు మొత్తం పూర్తి చేసింది. పిచ్చేశ్వరరావు సాయంత్రం వచ్చి, పిల్ల పలకంతా నింపిన అక్షరాలు చూసి, తల తుడుచుకుంటూ నిలబడిపోయేవాడు. "ఇన్ని ఉన్నాయటే అక్షరాలు?" అనేవాడు. "ఇంకా ఉన్నాయి నాన్నా, గుణింతాలు," అనేది దుర్గ పెద్ద ఆరిందాలా. అతను నవ్వి పెళ్ళాం వంక చూసేవాడు. ఆ చూపుతో కోటేశ్వరికి సగం అలసట తీరినట్టుండేది. మిగతా సగం అలాగే ఉండేది.

ఫిబ్రవరిలో బందరు తీసుకెళ్ళి పిండికట్టు తీయించారు. కట్టులోంచి బయటపడ్డ కాలు గోగుపుల్లలా ఉంది. దాని మీద చర్మం పొట్టులా రాలుతోంది. దుర్గ తన కాలు తనే గుర్తుపట్టనట్టు చూసుకుంది. డాక్టరు కీలు కదిపి చూసి, చీము తగ్గిందనీ, నెమ్మదిగా నడిపించమనీ, ఆ కాలు కాస్త పొట్టిగా ఉండొచ్చనీ చెప్పాడు.

బస్సు కోసం కోనేరు సెంటరు దాకా నడిచారు. పిచ్చేశ్వరరావు పిల్లని భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆర్నెల్లుగా వాసాలు తప్ప ఏమీ చూడని పిల్ల. తల అటూ ఇటూ తిప్పుతూ షాపుల బోర్డులన్నీ చూస్తోంది.

"నాన్నా, అక్కడ 'మ' తప్పు రాశారు."

"ఏదీ?"

"ఆ మందుల కొట్టు మీద. తోక అటు పెట్టేశారు. అదుగో, 'క' కూడా తప్పే. అయ్యో, అన్నీ తప్పులే నాన్నా ఈ ఊళ్ళో!"

పిచ్చేశ్వరరావు ఆగి మరీ నవ్వాడు. పక్కన సోడా బండి దగ్గర నిలబడ్డ వాళ్ళు కూడా తిరిగి చూశారు. "చూశావటే? బందరోళ్ళకే తప్పులు పడుతోంది నీ కూతురు. ఇంక దీనికి షెడ్డేంటి, వద్దులే. ఆ టీచరు గారు రెండులో వేస్తానంటే చదవనీ."

ఆ మాట కోసమే నవంబరు నుంచీ మధ్యాహ్నాలన్నీ ఎండలో నడిచింది కోటేశ్వరి. ఆ మాట విన్నప్పుడు ఆమె బోర్డు వంకే చూస్తోంది. 'మ' ఉంది. తనకి తెలిసిన 'మ' కాదు. తోక అవతలి వైపుంది. పక్క బోర్డు చూసింది. దాని పక్కది చూసింది. రోడ్డు మీద పోతున్న బస్సు నుదురు చూసింది. ఊళ్ళో అక్షరాలన్నీ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. తన అక్షరాలు మరో వైపుకి.

ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసిపోయింది. బ్లాకు మీద ఎడమ ఉన్నది గుడ్డ మీద కుడి అవుతుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చేస్తున్న పని. మామిడిపిందె తోక ఇటు తిరిగినా అటు తిరిగినా మామిడిపిందే, అంచుకి ఎటు కావాలంటే అటు అద్దుతారు. అక్షరానికి అలా కుదరదని ఆమెకి తోచనే లేదు. ఈ ఊరి బోర్డుల మీద ఉన్నవి అద్దిన అక్షరాలు. తను నేర్పినవి అద్దనివి.

"ఏంటే, అలా నిలబడిపోయావ్? ఎండ దెబ్బ కొట్టిందా?" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"ఏం లేదు. బస్సు వస్తోంది."

దారంతా దుర్గ కిటికీలోంచి ఊళ్ళ తప్పులు లెక్కపెడుతూనే ఉంది. కోటేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

మర్నాడు షెడ్డులో పోతయ్యకి చెప్తే ఆయన తల పట్టుకున్నాడు. "ఓరి నాయనో. నాకన్నా తోచలేదమ్మాయ్. చేతికి ఇచ్చేవాణ్ణే గాని, అద్ది చూపించమని చెప్పలేకపోయాను." తాడు మొత్తం తీసి ఆమె చేతిలో పెట్టాడు. రంగు పీల్చిన గోనెపట్టా ముక్కా, పాతగుడ్డ ముక్కలూ కూడా ఇచ్చాడు.

మధ్యాహ్నం మంచం పక్కన గుడ్డ పరిచి, కోటేశ్వరి 'మ' బ్లాకుని రంగులో ముంచి అద్దింది. తీసి చూపించింది.

"ఇదమ్మా అసలు 'మ'. బందర్లో చూశావే, అదే. వాళ్ళు తప్పు రాయలా."

దుర్గ గుడ్డ మీదిది చూసింది. బ్లాకు మీదిది చూసింది. "మరి ఇదో?"

"ఇది ఇంకా అద్దనిది. అద్దితేనే 'మ' అవుద్ది. నేను నీకు తిరగేసి నేర్పాను. నాదే పొరపాటు."

"కాదు. రేడియో టీచర్ రోజూ భేషంది."

"ఆవిడకి కనపడదు కదమ్మా."

"కనపడకపోతే భేషని ఎందుకంటది?"

దుర్గ పెదవులు బిగించుకుని గోడ వైపు తిరిగింది. కట్టు తీసేశాక అలా తిరగడం ఇప్పుడు చేతనవుతోంది. కోటేశ్వరి ఇంకో అక్షరం అద్దింది. ఇంకోటి. పాత గుడ్డలన్నీ మంచం చుట్టూ దండెం మీద వేలాడదీసింది. పిల్ల వాటి వంక చూడలేదు, లేకపోతే తల్లి చూడనప్పుడు చూసింది. పలక మాత్రం ముట్టుకోలేదు. ఆ వారం అంతా అంతే. బతిమాలింది, ఒకసారి కసిరింది, ఒకసారి చెయ్యి కూడా ఎత్తింది. ఎత్తిన చెయ్యి భుజం నొప్పికి తనే దించుకుంది.

"చదువు నేర్పావో, చదువంటే విరక్తి నేర్పావో," అంది మాణిక్యమ్మ. కాని ఆ మాట కొడుకు చెవిన వెయ్యలేదు. ఆ మాత్రం దయ ఆవిడకుంది.

టీచరు ఆదివారం పొద్దున్నే వచ్చింది. చేతిలో సంచీ, అందులో ఒకటో తరగతి పుస్తకం. పిచ్చేశ్వరరావు కుర్చీ తుడిచి వేశాడు. తనకి పనేమీ లేకపోయినా ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. కూతురి ఘనత చూడ్డానికని కోటేశ్వరికి తెలుసు. ఆమె స్టవ్వు మీద టీ నీళ్ళు పెట్టి, అవి మరుగుతున్నా దించడం మర్చిపోయింది. టీచరు రాగానే చెప్పేద్దామనుకుంది. మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

"ఏమ్మా వీరదుర్గా, కాలు నెమ్మదించిందా? ఏదీ, 'క' రాయి చూద్దాం. దాని పక్కన 'గ'. దాని పక్కన 'మ'."

దుర్గ తల్లి వంక చూసింది. కోటేశ్వరి తల దించుకుంది. పిల్ల సుద్దముక్క తీసుకుని, వత్తి వత్తి, తెల్లగా, పెద్దగా రాసింది. తడుముకోలేదు. మూడక్షరాలూ తిరగబడే ఉన్నాయి.

జ్యోతిర్మయి టీచరు పలక అందుకుని చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది.

"ఇదేంటమ్మా?"

"ఏమైందండీ? తప్పా?" పిచ్చేశ్వరరావు లోపలికి వచ్చేశాడు. టీచరు ఏమీ అనకుండానే అతనికి అర్థమైంది. పెళ్ళాం వైపు తిరిగాడు. "ఇన్నాళ్ళూ తిండి మానుకుని వచ్చి నేర్పింది ఇదా? ఊళ్ళో వాళ్ళందరి ముందూ నేను నవ్వానే!"

"నేనే తిరగేసి నేర్పానండీ టీచర్ గారూ," అంది కోటేశ్వరి. "చెక్క బ్లాకు చూపించి రాయించాను. నాకు చదువు రాదు కదండీ. దాని తప్పేం లేదు."

"నువ్వుండమ్మా," అంది దుర్గ విసుగ్గా. చెయ్యి చాపి టీచరు చేతిలోంచి పలక తీసేసుకుంది. "ఆగండి టీచర్. ఇంకా అద్దలేదు."

మంచం కోడుకి పలక తుడుచుకునే గుడ్డ వేలాడుతోంది. షెడ్డులో పనికిరాని నల్లటి ముక్క, ఎప్పుడూ తడిగానే ఉంటుంది. దుర్గ దాన్ని పక్క మీద పరిచి, పలకని దాని మీద బోర్లించి, వీపున పిడికిలితో గట్టిగా ఒక్కటిచ్చింది. ఇంకోటిచ్చింది. తల్లి కొట్టినట్టే, మణికట్టు వంచకుండా. పలక ఎత్తింది. నల్లగుడ్డ మీద సుద్ద మసకమసగ్గా, పొడిపొడిగా అంటుకుంది. అయినా కనిపిస్తోంది. 'మ', 'గ', 'క'. బందరు బోర్డుల మీద ఉన్నట్టే.

టీచరు గుడ్డని వెలుతురులో పట్టుకుని చూసింది. నవ్వలేదు. తర్వాత సంచీలోంచి పుస్తకం తీసి దుర్గ ముందు పెట్టి, ఒక అక్షరం మీద వేలు పెట్టింది.

దుర్గ దాన్ని చూసి కళ్ళు మూసుకుంది. చూపుడువేలు గాల్లో ఇటు తిప్పింది, అటు తిప్పింది. "'ల'," అంది. టీచరు ఇంకోటి చూపించింది. మళ్ళీ కళ్ళు మూసుకోవడం, వేలు తిప్పడం. "'ద'." అలా పేజీ చివరిదాకా వెళ్ళారు. నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరాన్నీ తనలో తనే అద్దుకుని చెప్తోంది పిల్ల. రెండు తప్పులు పోయాయి. స్టవ్వు మీద టీ నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

పుస్తకం మూసి టీచరు కళ్ళజోడు తీసింది. ఆవిడ కళ్ళ కింద కూడా నల్లటి చారలున్నాయని కోటేశ్వరి అప్పుడే చూసింది.

"అక్షరాలు వచ్చాయి. రాత తిప్పుకోవాలి, అది నా పక్కన కూర్చుని రాస్తే తిరుగుతుంది. జూన్‌లో రెండో తరగతే. కాని జూన్ దాకా ఆగితే ఇదే గట్టిపడిపోద్ది. రేపట్నుంచే బడికి పంపండి. నడవలేదు కదా, ఎవరు తెస్తారు?"

పిచ్చేశ్వరరావు ఇంకా ఆ నల్లగుడ్డ వంకే చూస్తున్నాడు.

"పొద్దున్న నేను దింపుతాలెండి, కాలవకి పోతూ పోతూ," అన్నాడు చివరికి. "సాయంత్రం నా వల్ల కాదు."

"సాయంత్రం నేను తెస్తా," అంది కోటేశ్వరి.

"మధ్యాహ్నం అన్నం నేను పట్టుకెళ్తాలే," అంది మాణిక్యమ్మ గుమ్మంలోంచి. "ఎలాగూ ఆ రేడియో గోల లేకపోతే ఇంట్లో నాకేం తోస్తుంది?"

టీ లేకుండానే టీచరు బయల్దేరింది. పుస్తకం మాత్రం మంచం మీద వదిలేసి వెళ్ళింది.

సోమవారం పన్నెండు కొట్టినప్పుడు కోటేశ్వరి అలవాటు కొద్దీ చేతులు తుడుచుకుని వెనకగది వైపు నడిచింది. మేకుకి తాడు మళ్ళీ వేలాడుతోంది. పొద్దున తనే తెచ్చి ఇచ్చింది.

"ఇవాళ ఏ అక్షరం అమ్మాయ్?" అన్నాడు పోతయ్య, అతనూ అలవాటు కొద్దీ.

ఈ వేళకి దుర్గ టీచరు పక్కన కూర్చుని 'మ' తోక కుడి వైపుకి లాగుతూ ఉంటుంది, లేదా నాన్నమ్మతో పప్పన్నం దగ్గర పేచీ పెడుతూ ఉంటుంది. తను నడవాల్సిన దారి ఏదీ లేదు. ఎండ షెడ్డు బయటే ఉంది.

"ఇవాళ ఏం వద్దు బాబాయ్. కాసేపు ఇక్కడ నడుం వాల్చనీ."

అద్దకానికి వచ్చిన తెల్లగుడ్డల బేళ్ళ పక్కన, చల్లటి నేల మీద ఒరిగింది. క్యారేజీ విప్పలేదు. పక్క బల్ల ఆవిడ "అన్నం తినవటే?" అని కేకేసింది. పోతయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపాడు.

అప్పటికే ఆమెకి నిద్ర పట్టేసింది; చూపుడువేలు నేల మీద ఏదో అక్షరం గీయబోయి, సగంలో ఆగిపోయింది.